చేతులు రెండో పాఠంలో

కంప్యూటరు గది చూసుకునే ఉద్యోగి హెడ్‌ఫోను చెవి దిండ్లు రెండూ తడిగుడ్డతో తుడిచి, తన నెత్తికి సరిపడా లాగి పెట్టుకుని, అద్దంలో చూసుకున్నట్టు నల్లటి తెరలో ఓసారి చూసుకున్నాడు. అప్పటికే గది తాళాలు తీశాడు, కంప్యూటర్లన్నీ వెలిగించాడు, పాడైన మౌసుకి ‘పని చేయదు’ అని చీటీ అంటించాడు. ఇక మిగిలింది అసలు పని. ఆ పనికి కావలసిన అర్హత ఏమీ తెలియకపోవడం.

అది బోధన సాంకేతికతలో పై చదువు చెప్పే శాఖ. యంత్రం సాయంతో పాఠం ఎలా చెప్పాలో అక్కడ నేర్పుతారు. చివరి ఏడాది ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక పాఠం తయారుచేయాలి. ప్రొఫెసరుగారికి ఇచ్చేముందు, ఆ విషయం బొత్తిగా తెలియని మనిషిచేత దాన్ని చేయించి చూడాలి. పక్కన కూర్చున్నవాళ్లు పెదవి విప్పకూడదు. ఆ మనిషి ఎక్కడ ఆగాడో, ఎక్కడ బిక్కమొహం వేశాడో రాసుకుని, అక్కడ పాఠాన్ని బాగుచేసుకోవాలి. గది చూసుకునే ఉద్యోగి ఎప్పుడూ అందుబాటులో ఉంటాడు కనుక ఏళ్ల తరబడి ఆ తెలియని మనిషి ఆయనే. బక్కపలచని మనిషి, జేబులో ఎప్పుడూ కళ్లజోడు గుడ్డ. అర్థం కాకపోతే మెడ వెనక గోక్కునేవాడు. విద్యార్థులు తెర మానేసి ఆ మెడవంకే చూస్తూ కూర్చునేవారు.

చిక్కల్లా ఏమిటంటే, డిగ్రీకి ఒక్క పాఠం చాలు. అందుకని అందరూ ఒకటో పాఠంతోనే సరిపెట్టేసేవారు. ఆయనకి తేనెపెట్టె మూత తీయడం వచ్చు, తేనె పిండడం రాదు. చదరంగంలో గుర్రం నడక వచ్చు, రాజుని కట్టేయడం రాదు. ఈతలో ఊపిరి బిగబట్టడం వచ్చు; నీళ్లలో దిగితే మాత్రం దేవుడే దిక్కు. పిల్లలు ముద్దుగా ‘ఒకటో పాఠం బాబాయి’ అని పేరు పెట్టేశారు. “ఇన్ని నేర్చిన మనిషికి ఇంట్లో కుళాయి కట్టేయడం రాదేం?” అని భార్య దెప్పితే, “దానిమీద ఇంకా ఎవరూ పాఠం చేయలేదే!” అనేవాడు.

ఆ రోజు వంతు కుట్టు టీచరుది. నలభై దాటాక మళ్లీ చదువుకొచ్చిన మనిషి. మర్నాడే పాఠం ఇచ్చేయాలి. తప్పితే మరో ఏడాది ఆగాలి, బడిలో మరో ఏడాది సెలవిచ్చే ఆశ లేదు.

“బాబాయిగారూ, కుట్టుపని మీకేమైనా తెలుసా?”

“బొత్తాం ఊడితే మీ పిన్నికిస్తానమ్మా. అంతవరకే తెలుసు.”

“అయితే నాక్కావలసింది మీరే.”

పాఠం, పాత పేపరు మీద చిన్నపిల్లల చొక్కా. తలమీంచి తొడుక్కునేది. ఆవిడ గొంతు చెవిలో చెబుతుంటే ఆయన పేపరు మడిచి, కొలత పెట్టి, గీత గీసి, కత్తిరించాడు. ఎక్కడా ఆగలేదు. చెయ్యి ఒక్కసారైనా మెడ మీదికి పోలేదు. విప్పితే చక్కగా చొక్కా వీపు. అలాగే ముందుభాగమూ అయింది. టీచరు మొహం చేటంత అయింది.

“రాసుకోవడానికి ఒక్క ముక్క దొరకలేదండీ!” అంది.

ఆయన మాత్రం కాగితం మధ్యన ఉన్న మడత గీతని వేలితో నిమురుతూ కూర్చున్నాడు. మడత పెట్టమని ఎవరు చెప్పారు? పాఠం మొదటికి జరిపి మళ్లీ విన్నాడు. కొలత ఉంది, గీత ఉంది, కత్తెర ఉంది, మడత లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక విద్యార్థిని కాగితపు సీతాకోకచిలుకల పాఠం చేసింది. సగమే గీసి, కత్తిరించి విప్పితే నిండు రెక్కలు. ఆ మడత అప్పుడు చేతికి అబ్బింది, ఈనాడు అడక్కుండా వచ్చేసింది.

నోరు మూసుకుంటే ఆవిడకి డిగ్రీ, తనకి కుర్చీ. తెరిస్తే రెండూ సందేహమే. తెలియకపోవడాన్ని గౌరవించే కుర్చీ లోకంలో ఆయనకి తెలిసి అదొక్కటే, దానిమీద ఆయనకి చచ్చేంత ఇష్టం. టీచరు సంచీ సర్దుకుంటోంది, కూనిరాగం కూడా తీస్తోంది. ఆయన హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టాడు.

“టీచరమ్మా, ఈ పరీక్ష చెల్లదు. మడత పెట్టమని మీ పాఠం చెప్పలేదు. నా చెయ్యే పెట్టేసింది. ఎక్కడో నేర్చుకుంది.”

“మడతపెట్టమని వేరే చెప్పాలా? ఎవరైనా…” అని ఆవిడ ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా బట్ట చేతిలోకి రాగానే మడతపెట్టే మనిషి. అది చెప్పవలసిన సంగతని ఆవిడకి ఎన్నడూ తోచలేదు.

వాచ్‌మన్‌ని పిలుచుకొచ్చి కూర్చోబెట్టారు. అతను బుద్ధిగా చెప్పింది చెప్పినట్టు చేసి, తయారైనదాన్ని ఎత్తి పట్టుకుని ఎగాదిగా చూశాడు. “అన్నా, ఈ చొక్కా తొడుక్కునే పిల్లాడికి ఒకటే భుజమా?” అన్నాడు. టీచరు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, రాసుకోవడానికి పెన్ను తీసింది. మధ్యాహ్నానికల్లా పాఠంలో మడత చేరింది. వాచ్‌మన్‌కి ఇప్పుడు తెలిసిపోయింది కాబట్టి ఈసారి తోటమాలిని పట్టుకొచ్చారు. అతనికి నిండు చొక్కా వచ్చింది.

“మీ సంగతి ప్రొఫెసరుగారికి చెప్పాలంటారా?” అంది టీచరు మెల్లగా.

“చెప్పాలి కదమ్మా. తెలియనివాడి కుర్చీలో తెలిసినవాణ్ని కూర్చోబెట్టకూడదు.” ఆయనకి దిగులుగానే ఉంది, కాదనలేదు. కాసేపటికి తన పేపరు చొక్కా చేతిలోకి తీసుకుని, “ఇంతకీ దీనికి చేతులెలా పెడతారు?” అన్నాడు.

“చేతులు రెండో పాఠంలో,” అంది ఆవిడ అలవాటుగా. అనేసి, ఆయన మొహం చూసి, సంచీ కిందపెట్టి కుర్చీ లాక్కుంది.

యంత్రం లేదు, బొమ్మలు లేవు. ఆవిడ కత్తిరించి ఇచ్చిన చేతి ముక్క పైఅంచు గుట్టలా ఉంది, చొక్కా చంక గుంటలా ఉంది. గుట్ట తీసుకెళ్లి గుంటలో ఎలా అతుకుతారు? ఆయన చెయ్యి మెడ మీదికి పోయింది. ఆవిడ అది చూసి ముసిముసిగా నవ్వింది.

“ముందు గుట్ట నడినెత్తిని భుజానికి పెట్టండి. ఒక గుండుసూది గుచ్చండి. ఇక అటూ ఇటూ నెమ్మదిగా దించుకుంటూ రండి.”

మూడుసార్లు తప్పి నాలుగోసారి కుదిరింది. చదునైన కాగితం గుండ్రంగా తిరిగి, లోపల చెయ్యి ఉన్నట్టే నిలబడింది. ఆయన అందులోకి రెండు వేళ్లు పోనిచ్చి చూసుకున్నాడు.

“రెండోది నేను పెడతాను. మీరు చెప్పొద్దు,” అన్నాడు. కత్తిరించడం అయ్యేసరికి గది మూసే వేళయింది. మిగతాది రేపనుకున్నాడు.

బస్సులో దారి పొడుగునా జనం భుజాలే చూశాడు. అన్నం దగ్గర తన చొక్కా కుట్టునే పట్టి భార్యకి పాఠం చెప్పాడు.

“పోనీలెండి, ఇన్నాళ్లకి ఒకటి పూర్తిగా నేర్చుకున్నారు,” అంది ఆవిడ.

“ఎక్కడా, ఇంకో చెయ్యి ఉందిగా!” అన్నాడు.

ఆ రాత్రి నిద్రలోనే పోయాడు. తెల్లారి భార్య లేపితే లేవలేదు.

ఆ ఉదయం గది తాళం వాచ్‌మన్ తీశాడు. పాఠం ఇవ్వడానికొచ్చిన టీచరు ఆ వార్త విని కుర్చీ దగ్గరే నిలబడిపోయింది, కూర్చోలేదు. హెడ్‌ఫోను కొక్కేనికి ఒంటిచేతి పేపరు చొక్కా వేలాడుతోంది. కింద బల్లమీద రెండో చెయ్యి, గుట్ట నడినెత్తిన పెన్సిలు చుక్క, ఆ చుక్కలో గుచ్చి ఉంచిన గుండుసూది.