గాలి తీసిన పూట

నేను ఒక క్లచ్ సిలిండర్‌ని. పిడికిట్లో ఇమిడిపోయే ఇనుప గొట్టాన్ని. కారు నడిపేవారు పెడల్ తొక్కితే పైనున్న పెద్ద సిలిండర్ ఆయిల్‌ను నెడుతుంది, ఆ తోపుకు నేను క్లచ్‌ను విడదీస్తాను. పైవాడు నెడితే కదలడం, లేకపోతే ఊరుకోవడం. ఇదే నా ఉద్యోగం. దీనికే విర్రవీగేవాణ్ణి!

పుట్టింది ఇంగ్లండులో. రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్సు కారుకు బిగించి ఓడెక్కించారు. మద్రాసులో ఒక జమీందారు నన్ను కొన్నాడు. నన్నంటే కారునే లెండి, నన్ను చూసి ఎవరు కొంటారు? తర్వాత ఒక సినిమా పంపిణీదారు. ఆయన బొజ్జ స్టీరింగుకు అడ్డం రావడంతో భీమవరంలో చేపల చెరువుల ఆసామి రామభద్రరాజు గారి పాలబడ్డాం. చెరువు గట్ల మీద మేం వెళ్తుంటే గేదెలు తల వంచి మరీ చూసేవి.

ఆయుధపూజ నాడు రాజుగారి భార్య సుభద్రాయమ్మ గారు కారుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. అక్కడితో ఆగితే బాగుండేది. బానెట్ కింద చిన్న డబ్బాలో ఆయిల్ అడుగంటి కనిపించింది. పండగపూట ఖాళీగా ఉండకూడదని, దీపారాధనకు తెచ్చిన నువ్వుల నూనెతో నిండుగా నింపింది. అది నా తిండి డబ్బా. నేనైనా వద్దన్నానా? కొత్త రుచి కదా అని లొట్టలేశాను. కొన్నాళ్లకే నాలోని రబ్బరు బూరెలా ఉబ్బి చిట్లిపోయింది.

దీపావళికి వచ్చిన చుట్టాలకు కారు నడిపి చూపిద్దామని రాజుగారు ఎక్కారు. గేరు పడలేదు. కింద చూస్తే నూనె మడుగు.

"నేనే పోశానండి, మంచి నువ్వుల నూనె" అంది ఆవిడ అమాయకంగా.

"బుద్ధుందా నీకు? కారుకి తలంటు పోశావా?" అని గయ్యిమన్నారాయన.

చుట్టాలందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ పూట నుంచి ఆయనతో మాట మానేసింది. వేళకు వడ్డించేది, కాఫీ ఇచ్చేది, నోరు మాత్రం విప్పేది కాదు. చెప్పక తప్పకపోతే బానెట్ వైపు తిరిగి "భోజనానికి రమ్మని చెప్పు" అనేది. క్లచ్‌నే కదపలేని మాకు రాయబారం ఒకటి! రాజుగారు మాత్రం చిక్కిపోయారు. పలికే మనిషి లేక రేడియో గట్టిగా పెట్టుకుని కూర్చునేవారు. నాకు నిజంగానే సిగ్గేసింది.

చివరికి ఆయనే నన్ను ఊడదీసి, గొట్టాలన్నీ కడిగి, కొత్త రబ్బరు వేశారు. ఇక నాలో చిక్కిన గాలి తీయాలి, లేకపోతే పెడల్ మెత్తగా దిగడమే తప్ప నేను కదలను. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన పెడల్ తొక్కిపట్టి, తొక్కానని చెప్పాలి. రెండోవారు కింద పడుకుని నా పక్కనున్న మర విప్పి, గాలి పోగానే బిగించాలి. ఆయన పెడల్‌కు చేతికర్ర ఆనించి చూశారు. కర్ర జారింది, పోయిన గాలంతా మళ్లీ పీల్చేశాను.

"ఇదిగో, కాస్త వచ్చి ఇది తొక్కుతావా?"

ఆవిడ వచ్చి కూర్చుంది. తొక్కింది కానీ తొక్కానని చెప్పలేదు. ఆవిడ కాలు తీస్తున్నప్పుడు ఆయన మర విప్పారు. మళ్లీ గాలే.

"పోనీ, తొక్కాక హారనైనా కొట్టు."

కొట్టింది. ఎక్కడికో ప్రయాణమనుకుని ఎదురింటివాళ్లు టాటా చెప్పడానికి బయటికొచ్చారు.

రాజుగారు మర వదిలేసి అలాగే వెల్లకిలా ఉండిపోయారు. నా దగ్గర్నుంచి ఒక చుక్క ఆయన చెంప మీద పడింది.

"సుభద్రా, అందరి ముందూ నేనలా అరిచుండకూడదే. తప్పు నాదే. నువ్వు మాటాడకపోతే ఈ ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదు."

పైన పెడల్ మెల్లగా దిగింది.

"తొక్కానండి."

ఆయన గబగబా మర విప్పారు. బుడగలు బుసబుసమని పోయాయి. "వదులు" అన్నారు. "వదిలానండి" అంది. అలా తొక్కుతూ, వదులుతూ, మధ్యలో చెరువుల సంగతి, చుట్టాల సంగతి కూడా వచ్చాయి. నాలో గాలి ఎప్పుడో అయిపోయింది. బుడగ రావడం లేదని ఆయన చూస్తూనే ఉన్నారు. పెడల్ గట్టిపడిందని ఆవిడ పాదానికి తెలుస్తూనే ఉంది.

"ఇంకా గాలుందాండీ?"

"ఉందుంది, బోల్డంత ఉంది."

"అయితే తొక్కుతానుండండి."