పైన డాన్స్ క్లాసు

మా కాలేజీలో ఫిజిక్స్ చివరి సంవత్సరం చదివేవాళ్ళం నలుగురమే. నాటకం, తత్వశాస్త్రం, బొమ్మలు గీయడం అన్నీ ఒకే కప్పు కింద నేర్పే చిన్న కాలేజీ అది. ఫిజిక్స్ చదివేవాళ్ళు కూడా రెండు కవిత్వం కోర్సులు, ఒక చరిత్ర కోర్సు పాసవ్వాల్సిందే. మా అమ్మకి ఈ వ్యవహారం మొదటినుంచీ మింగుడు పడలేదు. "పద్యాలు చెప్పేచోట ఫిజిక్స్ ఏం చెప్తారే?" అనేది. ఆవిడ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. కానీ పెద్ద యూనివర్సిటీ నుంచి ఎమ్మెస్సీ సీటు ఇస్తామని ఉత్తరం వచ్చిన రోజు మాత్రం దాన్ని మూడుసార్లు చదివింది. మూడోసారి ఆఖరి వాక్యం మీద వేలు పెట్టింది. థీసిస్‌లో 'ఏ' గ్రేడు వస్తేనే సీటు అని ఉందక్కడ.

"వస్తుందా?" అంది.

"అంతా అయిపోయిందమ్మా. ఒక్క వైవాయే మిగిలింది," అన్నాను ధీమాగా. నా ధీమాకేం, ఎప్పుడూ తక్కువ లేదు.

నా థీసిస్ వినడానికి చాలా చిన్న విషయం. రెండు వస్తువులు ఒకదాన్నొకటి ఎంత బలంతో లాక్కుంటాయో కొలవాలి. సన్నటి తీగకి ఒక కడ్డీ వేలాడుతుంటుంది, కడ్డీ రెండు కొసలా చిన్న సీసం గుండ్లుంటాయి. పక్కన పెద్ద సీసం గుండ్లు పెడితే కడ్డీ వెంట్రుకవాసి తిరుగుతుంది. కడ్డీకి అంటించిన అద్దం మీద లేజర్ వేస్తే, ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క జరుగుతుంది. అది ఎంత జరిగిందో చూసి లెక్క కడితే 6.67 రావాలి. పుస్తకాలన్నీ చెప్పే అంకె అది.

తంటా ఏమిటంటే మా ల్యాబు సరిగ్గా డాన్స్ హాలు కింద ఉంది. కట్టినవాడెవడో గాని వాడికి రెండు చేతులా దణ్ణం పెట్టాలి. పైన ముప్ఫై కాళ్ళు ఒక్కసారి నేలని తంతే, కింద నా చుక్క గోడంతా పరుగెత్తేది. మా ల్యాబు నోట్‌బుక్కులో పెన్సిలూ రబ్బరూ నిషిద్ధం. చెడిన రీడింగుని పెన్నుతో ఒక్క గీత పెట్టి కొట్టేసి, పక్కన కారణం రాయాలి. ఏ రోజు పేజీ మీద ఆ రోజు గైడు సంతకం పెడతారు. మొత్తం పన్నెండు రీడింగులు తీశాను. అందులో మూడింటిని కొట్టేసి, పక్కన 'పైన డాన్స్ క్లాసు' అని రాశాను. మిగతా తొమ్మిదింటి సగటు 6.71 వచ్చింది. ఆ రోజు ల్యాబులో నేనూ కాసేపు డాన్స్ చేశాను.

వైవా పొద్దున పదింటికి. గదిలో పొడుగాటి బల్ల, వెనక నల్లబోర్డు, ఎంత లాగినా తెరుచుకోని కిటికీ. బల్లకి అటువైపు మా గైడు కూర్చున్నారు. పిల్లలం ఆయన్ని సున్నా సార్ అంటాం. ఏ పరికరం దగ్గరికొచ్చినా "ముందు సున్నా ఎక్కడుందో చూశావా?" అని అడగందే ఊరుకోరు. మా కాలేజీ పద్ధతి ప్రకారం రెండో పరీక్షకులు వేరే డిపార్ట్‌మెంటు నుంచి రావాలి. చీటీ తీస్తే డాన్స్ మేడమ్ పేరొచ్చింది. ఆవిడ కాస్త కుంటుతూ వచ్చి, నా థీసిస్ ముందేసుకుని కూర్చున్నారు. ఫిజిక్స్ రాని మనిషి, గండం గడిచినట్టే అనుకున్నాను.

నలభై నిమిషాలు బాగా నడిచింది. సార్ అడిగినదానికల్లా టకటకా చెప్పాను. 6.71 దగ్గరికొచ్చేసరికి ఆయన ముఖం విప్పారింది. "మేడమ్, మీరేమైనా అడుగుతారా?" అన్నారు, ఇక ముగిద్దామన్నట్టు.

ఆవిడ థీసిస్ చివర జతచేసిన నోట్‌బుక్కు పేజీలు తిప్పారు. "ఇన్ని పేజీల్లో నాకు అర్థమైంది ఇదొక్కటేనమ్మాయ్. 'పైన డాన్స్ క్లాసు' అని మూడుచోట్ల రాశావు. మూడో తారీఖు సరే, ఆ రోజు పిల్లల్ని తెగ గెంతించాను. పదకొండు, పన్నెండు తారీఖుల్లో కూడా రాశావేంటి?"

"ఆ రెండ్రోజులూ రీడింగులు చెడిపోయాయి మేడమ్."

"చెడిపోతే చెడిపోనీ. తొమ్మిదో తారీఖున నా కాలు బెణికింది. వారం రోజులు మంచం దిగలేదు. హాలు తాళంచెవి నా దగ్గరే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ కడ్డీ సరిగ్గా ఆడకపోతే తప్పు నా కాళ్ళ మీదికి తోశావా?"

ఆవిడ నవ్వుతూనే అన్నారు.

మూడో తారీఖు నాకు బాగా గుర్తుంది. పైన దబదబలు విన్నాను, చుక్క చిందులెయ్యడం చూశాను. మరి పదకొండు? ఎంత గింజుకున్నా చప్పుడేదీ గుర్తుకు రాలేదు. ఆ రోజు చుక్క బుద్ధిగా జరిగింది, బుద్ధిగా ఆగింది. అంకె మాత్రం 9.1 వచ్చింది, మర్నాడు 9.3. ఇంత చెడ్డ అంకె వచ్చిందంటే పైన ఆడుతూనే ఉంటారనుకున్నాను. తలెత్తి చూడను కూడా లేదు. అదే 6.6 వచ్చుంటే, పైన ఏనుగులు గెంతినా కొట్టేసేదాన్ని కాదు.

సున్నా సార్ గొంతు సవరించుకున్నారు. "ఆఫీసులో ఇంకో తాళంచెవి ఉంటుంది కదా. నేల పాలిష్ చేసేవాళ్ళు మిషన్లు పట్టుకుని వస్తుంటారు. వాళ్ళే అయ్యుంటారు. ఏమ్మా, అంతేనా?"

'అవునండీ' అంటే చాలు. ఎవరూ వెళ్ళి రిజిస్టరు చూడరు. ఆ సీటు నాకు ఎంత కావాలో చెప్పలేను. అక్కడి ల్యాబు ఫొటో నా మంచం పక్కన గోడకి అంటించుకున్నాను. అమ్మ ఈపాటికి ఫోన్ కోటు జేబులో పెట్టుకుని, ఎవరి చేతినుంచో రక్తం తీస్తూ ఉంటుంది. సార్ నా వైపు చూస్తూ, తెలిసీ తెలియనట్టు తలూపారు. ఊ అనమన్నట్టు.

"నాకేం వినపడలేదు సార్," అన్నాను.

"ఏంటి?"

"ఆ రెండ్రోజులూ ఏ చప్పుడూ లేదు. అంకె నచ్చక కొట్టేశాను. కారణం తర్వాత తగిలించాను."

సార్ బోర్డు చూపించారు. "ఆ రెండూ కలిపి సగటు కట్టు."

కట్టాను. కూడికలో రెండుసార్లు తప్పాను. చివరికి 7.16 తేలింది.

"ఎందుకు ఎక్కువొచ్చింది?"

"తెలీదు సార్."

నన్ను బయట కూర్చోమన్నారు. వరండాలో బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాను. లోపల మేడమ్ గొంతు పెద్దదవడం వినిపించింది గాని, మాటలు తెలియలేదు. అబద్ధం చెప్పనందుకు గర్వం కలుగుతుందంటారు. నాకు ఒళ్ళు మండుతోంది, అంతే.

సార్ ఒక్కరే బయటికొచ్చారు. "బీ," అన్నారు. "మేడమ్ 'ఏ' ఇద్దామన్నారు. నేనే ఒప్పుకోలేదు."

"నిజం చెప్పినా కూడానా?"

"నిజం చెప్పినందుకు ఫిజిక్స్‌లో మార్కులుండవమ్మా. ఆ రెండంకెలు ఎందుకొచ్చాయో నీకు తెలీదు. వెతికే అవకాశం ఉన్నప్పుడు కొట్టేశావు."

అంతవరకూ పళ్ళ బిగువున ఆపుకున్న కోపం కట్ట తెంచుకుంది. "ఆ రెండు పేజీల మీదా మీ సంతకం ఉంది సార్. మేడమ్ కాలు బెణికిందని కాలేజీ అంతటికీ తెలిసే ఉంటుంది, పరీక్షల గొడవలో మునిగి నాకే తెలీదు. మీకూ తెలీదా? అప్పుడెందుకు అడగలేదు?"

ఆయన గోడకి చేరబడ్డారు. "మొత్తం మీద నీ అంకె మంచిగా వచ్చింది కదా అని," అన్నారు.

"మరి మీకేం గ్రేడు సార్?"

"నాకు వేసేవాళ్ళు లేరు. నువ్వే వెయ్యి."

"బీ కూడా ఎక్కువే," అన్నాను. ఆయన కాదనలేదు.

ఇంతలో ఫోన్ మోగింది. అమ్మ. ఎత్తకుండా దానివంక చూస్తూ నిలబడ్డాను. ఆగి మళ్ళీ మోగింది. ఎత్తాను.

"ఏమైందే? వచ్చిందా?"

"సీటు పోయిందమ్మా. నా చేతులారా నేనే..." ఆ పైన మాట రాలేదు, ఏడుపొచ్చేసింది. అవతల అమ్మ కంగారుగా ఏమైంది, ఏమైంది అంటోంది.

సార్ చెయ్యి చాపారు. "ఇలా ఇవ్వు," అన్నారు. "అందులో సగం నేను చెప్పాల్సింది."

ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.