గొంతు తగ్గని గంగాకిషన్

తిరుగుతున్న డ్రమ్ము పక్కన ఇనుప చట్రం మీద అరచేయి ఆనించి గంగాకిషన్ కళ్ళు మూసుకున్నాడు. పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే ఈ డ్రమ్ము దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడి చెవులు సగం పోయాయి గానీ, చేతికి అన్నీ వినపడతాయి. మొదట కొమ్ములు బరబరమంటాయి. పొట్టు రాలేకొద్దీ గలగలలోకి దిగుతాయి. ఆ గలగల చేతికి తగలగానే మోటారు ఆపాడు. మూత తీస్తే పచ్చటి దుమ్ము లేచి, షెడ్డు రేకుల సందులోంచి పడుతున్న పొద్దుటెండ కూడా పసుపు పూసుకుంది. ఎన్ని వేలసార్లు చూసినా ఆ క్షణం అతనికి ముద్దుగానే ఉంటుంది.

"సాయవ్వా! ఏడు గంటల బస్సు పోతది!"

అది అరుపు కాదు, అతని మామూలు గొంతే. గుండ్రటి గోల దుంపలను, పొడుగాటి కొమ్ములను వేరుచేస్తున్న భార్య చాట దించలేదు.

"గీ కుప్ప అయినంక పోదాం."

సాయవ్వ రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలి నెలయింది. కీమో మొదలుపెట్టాలని నిజామాబాద్ దవాఖానలో చెప్పారు. సాయవ్వ రెండుసార్లు ఆ గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగింది. ఈసారి షరతు పెట్టి ఒప్పుకుంది.

"ఇయ్యాల ఎక్కిస్తె ఎక్కిచ్చుకుంట. మల్ల రమ్మంటే మాత్రం రాను. గంతే."

బస్సులో దారి పొడుగునా ఆ మాటే గంగాకిషన్ గుండెలో గుచ్చుకుంటూ ఉంది. సాయవ్వకు మాత్రం కిటికీ పక్కన చోటు దొరికింది. కల్లాల్లో ఆరబోసిన పసుపును చూస్తూ, ఎవరిది సరిగ్గా ఉడికిందో, ఎవరిది పచ్చి మీదుందో తీర్పులు చెప్పుకుంటూ పోయింది.

వార్డులో ఆరు మంచాలు. పక్క మంచం మీద మోర్తాడ్ నుంచి వచ్చిన మదీనా కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. నున్నటి తల మీద దుపట్టా, చేతిలో ఇత్తడి సున్నం డబ్బీ.

"డాక్టర్లు పాన్ బంద్ జేపిచ్చిన్రు బహెన్. డబ్బీని మాత్రం నేనే ఇడువలే," అంటూ తనే పరిచయం చేసుకుంది. "నాకు గిది ఆరో డోసు. ఫికర్ చెయ్యకు."

సిస్టర్ వచ్చింది. విశాఖ పిల్ల, ఉద్యోగంలో చేరి వారమే అయింది. సూది కోసం సాయవ్వ చేయి తిప్పి, పచ్చబడ్డ అరచేతినీ గోళ్ళనూ చూసి ఆగిపోయింది.

"కామెర్లు ఉన్నట్టున్నాయండీ. ఈరోజు మందు ఎక్కించలేం. వచ్చే వారం రండి."

"మొన్న రక్తం పరీక్ష మంచిగనే వచ్చింది గద!"

గంగాకిషన్ గొంతుకు వార్డంతా తిరిగి చూసింది.

"కొంచెం మెల్లగా మాట్లాడండి."

"మెల్లగనే మాట్లాడుతున్న!"

సాయవ్వ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది. "ఇన్నవు గద. పోదాం పా." ఆమె ముఖంలోని వెలుగు చూసి గంగాకిషన్‌కు భయం వేసింది. ఇప్పుడు గుమ్మం దాటితే ఈ మనిషి మళ్ళీ రాదు.

తన రెండు చేతులూ సిస్టర్ ముందు చాపాడు. "గట్లయితే నాకు గూడ కామెర్లే అని రాయి. మా వాడకట్టు మొత్తానికి రాయి!"

సిస్టర్ నవ్వలేదు. అప్పుడతని చూపు డబ్బీ మీద పడింది.

"అక్కా, జర సున్నమియ్యి."

గోటితో సున్నం తీసి, సాయవ్వ అరచేతిలో నీళ్ళచుక్క వేసి రుద్దాడు. పచ్చదనం కందింది. చూస్తుండగానే ఎర్రబడింది.

"పసుపు గాబట్టి ఎర్రగైంది. కామెర్లు గిట్లయితయా సిస్టరమ్మా?"

"పెండ్లయి ఇన్నేండ్లాయె, పెండ్లానికి ఇంక మెహందీ పెడుతున్నవా భాయ్!" అంది మదీనా. వార్డంతా నవ్వింది. సిగ్గుపడి సాయవ్వ చేయి లాక్కుంది.

సిస్టర్ డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన సాయవ్వ కనురెప్పలు లాగి చూశాడు, మళ్ళీ రక్తం తీయించాడు. పదకొండింటికి ఫలితం వచ్చింది. కామెర్లు లేవు. గొట్టంలోకి ఎర్రటి మందు దిగడం మొదలైంది. సాయవ్వ దాన్నొకసారి, తన అరచేతినొకసారి చూసుకుంది.

"గీ ఎరుపుకు నేను బయపడ్తనా? నా చేతిలనే ఉన్నది."

గంగాకిషన్ అలవాటు కొద్దీ సెలైన్ కడ్డీ మీద అరచేయి ఆనించాడు. ఏమీ వినపడలేదు. అయినా తీయలేదు.

మధ్యాహ్నం సాయవ్వ నిద్రపోయింది. డాక్టరు గదికి పోయిన మదీనా, కూతురు సమ్రీన్ చేయి పట్టుకుని బయటికి వచ్చింది. వరండాలో గంగాకిషన్‌ను ఆపింది.

"మందులు పనిజేస్తలేవంట భాయ్. ఇంక ఇంటికాడనే ఉండుమన్నరు. నీ పెండ్లానికి చెప్పకు. కోర్సు అయిపోయింది, పోయింది అను. జర మెల్లగ చెప్పు, నీ గొంతు మా మోర్తాడ్ దాక ఇనిపిస్తది." నవ్వి, డబ్బీ అతని చేతిలో పెట్టింది. "గిది ఆమెకియ్యి. మల్ల ఎవరన్న కామెర్లంటే అక్కరకొస్తది." కూతురు లిఫ్టు వైపు నడిపించబోతే విదిలించుకుని మెట్లే దిగింది.

మూడింటికి సాయవ్వ కళ్ళు తెరిచింది.

"మదీనా ఏది?"

గంగాకిషన్ డబ్బీ ఆమె చేతిలో పెట్టాడు.

"కోర్సు అయిపోయిందట. ఇంటికి పోయింది."

ఆ మాట అతనికే వినపడలేదు. సాయవ్వ అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. షెడ్డులో, బస్సులో, ఆఖరికి సొంత తల్లిని సాగనంపిన రోజున కూడా ఈ మనిషి నోట ఇంత మెల్లటి మాట రాలేదు.

"నువ్వు గంత మెల్లగ చెప్పినవంటే..." అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దిండుకు ఆనుకుని అడిగింది.

"ఇంకో డోసుకు ఇర్వై ఒక్క దినాలకు మల్ల రావాలె గదా?"

"రానంటివి."

"అంటి. ఇప్పుడు వస్తనంటున్న. గీ పసుపు చేతులతోనే వస్త, కడుక్కోను. ఆయితారం మోర్తాడ్ పోయి మదీనాను చూసొద్దాం. ఆడ మాత్రం గట్టిగనే మాట్లాడు."

సాయంత్రం సిస్టర్ సూది తీసి దూది అద్దింది. సాయవ్వ లేచి నిలబడింది. ఒళ్ళు తూలితే మంచం పట్టుకుంది గానీ, భర్త చాచిన చేయి పట్టుకోలేదు.

"సిస్టరమ్మా, గీ డబ్బీ గీడనే ఉండని. మా అసుంటోళ్లు ఇంకెవరన్న వస్తరు. ఎనుకకు పంపకు."

"ఐదున్నర బస్సు!" గంగాకిషన్ గొంతు వరండా దాటి, మెట్లు దిగి, గేటు దాకా వినపడింది.

వార్డు కిటికీ గట్టు మీద ఇత్తడి డబ్బీ ఉంది. మూత అంచున ఒక ఎర్రటి వేలిముద్ర.