ఎక్కువ వచ్చిన అంకె

మా ఇంజనీరింగ్ ఆఫీసులో ఒక రూలుంది. డిజైన్ చేసినవాళ్ళు తమ లెక్క చూపించకూడదు, సరిచూసేవాళ్ళు అడగకూడదు. ఇద్దరూ వేరువేరుగా లెక్క కట్టి, చివరి అంకెలు మాత్రం పక్కపక్కన పెట్టాలి. తేడా వస్తే ఎక్కువ వచ్చిన అంకే చెల్లుతుంది. ఈ రూలు పెట్టింది మా వదిన. ఆఫీసు అన్నయ్యదే కానీ రూళ్ళన్నీ వదినవి. డిజైన్ చేసేది ఆవిడ ఆడపడుచునైన నేను, సరిచూసేది వదిన. మా ఇద్దరి గదుల మధ్య ఒక గాజు తలుపు, దానికి అటూ ఇటూ తిరుగుతూ అన్నయ్య.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వదినకు కోపం వచ్చినా మొహం చూసి కనిపెట్టలేం. నేనంటే ఆవిడకు గిట్టదని ఎప్పుడో తేల్చేసుకున్నాను.

ఇంతకీ గొడవ ఒక బీము గురించి. ఒక బడిలో భోజనాల గది మీద ఆటల హాలు కట్టారు. ఆ హాలును మోసే పొడవాటి బీము నేను సొంతంగా సంతకం పెట్టిన మొదటి డిజైన్. సెంట్రింగ్ చెక్కలు విప్పాక దాని అడుగున సన్నటి పగుళ్ళు కనిపించాయి. కాంక్రీటు బీముకు అలాంటివి సహజమే. లోపలి ఇనుము బరువు అందుకునేటప్పుడు చుట్టూ ఉన్న కాంక్రీటు కాస్త విచ్చుతుంది. ఎంత విచ్చుతుందన్నదే లెక్క. పాయింట్ ముప్పై మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే ఇనుముకు తుప్పు భయం. ఇదంతా చెప్పినా హెడ్‌మిస్ట్రెస్ వినలేదు. హాలుకు తాళం వేసి, కట్టడాల నియమాల్లో మనకు అలవాటైన పాత కోడ్ ప్రకారం ఒకటి, కొత్త కోడ్ ప్రకారం ఒకటి, రెండు లెక్కలు తెమ్మంది.

పాత కోడ్‌తో నేను కట్టాను, పాయింట్ ఇరవై ఆరు వచ్చింది. కొత్త కోడ్‌తో వదిన కట్టింది, పాయింట్ ముప్పై నాలుగు.

ముప్పై దాటేసింది.

"రూలు ప్రకారం నీ బీము పోయినట్టే," అంది వదిన.

"నేను పగుళ్ళు కొలిచే గీతల కార్డు పెట్టి చూశాను వదినా. పాయింట్ పది కూడా లేదు."

"ఖాళీ హాలుకి అంతే ఉంటుంది. పిల్లలెక్కాక కొలువు."

అన్నయ్య నీళ్ళు నమిలాడు. "బడివాళ్ళు పగలగొట్టి మళ్ళీ పొయ్యాలంటారేమో. రేపు మనుషుల్ని పంపనా?"

పగలగొట్టడమంటే బీము ఒక్కటే కాదు, నా సంతకం కూడా పోతుంది. బడిలో పగిలిన బీము ఎవరిదంటే నాదే అంటారు. ఇక ఎవరు నమ్మి పనిస్తారు? ఒళ్ళు మండిపోయి, లెక్క చూపించమని వదినను నిలదీశాను. రూలు రూలేనంది. తలుపు ధడేల్మని వేసి నా గదిలోకి వచ్చి కూర్చున్నాను. గాజు తలుపు కదా, నేను ఏడవడం ఆవిడకు కనిపించే ఉంటుంది.

కాసేపటికి వదిన కాగితాలు పట్టుకుని లోపలికి వచ్చింది. వాటిని నా బల్ల మీద పరిచి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రూలు పెట్టింది నేనేగా, ఇవాళ్టికి పక్కన పెడుతున్నా. నీ లెక్క తియ్యి. నేను నాది చదువుతాను, నువ్వు నీదాంతో కలుస్తుందో లేదో చూస్తుండు."

చదవడం మొదలుపెట్టింది. బీము లోతు కలిసింది. ఇనుము కలిసింది. చువ్వల మీది కాంక్రీటు మందమూ కలిసింది. బరువు దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె మీద వేలు పెట్టింది.

"హాలు నిండా జనం," అంది మెల్లగా. "ఇది నీ కోడ్ అడిగే బరువు."

నాకు వెంటనే వెలిగింది. పాత కోడ్ హాలు కిటకిటలాడే రోజున పగులు ఎంతని అడుగుతుంది. కొత్తది అలా అడగదు, ఎప్పుడూ మీద ఉండే బరువుకు ఎంతని అడుగుతుంది. ఏళ్ళ తరబడి పాత కోడ్‌తో పనిచేసిన వదిన చెయ్యి, అలవాటు కొద్దీ ఆ బరువునే తెచ్చి కొత్త సూత్రంలో పడేసింది.

సరైన బరువు పెట్టి మళ్ళీ కట్టాం. పాయింట్ ఇరవై ఏడు.

ముప్పై లోపే ఉంది. వదిన కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుంది.

"తప్పు నాది. ఇంకాస్తయితే మంచి బీముని పగలగొట్టించేదాన్ని."

ఇలాంటి రోజు కోసం నేను దాచిపెట్టుకున్న మాటలు చాలానే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, మంచినీళ్ళ గ్లాసు ఆవిడ ముందుకు జరిపాను.

"'దాని చేత అప్పుడే సంతకం పెట్టించొద్దు' అన్నారు నీ గురించి మీ అన్నయ్య," అంది వదిన. "పోట్లాడి పెట్టించింది నేనే. ఈ బీము పోతే నిన్ను ముంచింది నేనే అయ్యేదాన్ని."

ఆ మాట నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఏం చెయ్యాలో తోచక ఆవిడ కాగితాలు సర్దిపెట్టాను.

హాలు తెరిచిన రోజు మేమిద్దరం కింద భోజనాల గదిలో, సరిగ్గా బీము కింద నిలబడ్డాం. పైన బడి పిల్లలంతా ఒక్కసారిగా గంతులు మొదలుపెట్టారు. లెక్క సరిపోయిందని తెలిసినా నా చెయ్యి దానంతటదే వెళ్ళి వదిన చెయ్యి పట్టేసుకుంది. బీము ఉలకలేదు, పలకలేదు.

"ఇక వదలవే," అంది వదిన పైకే చూస్తూ. "బీముకేం కాలేదు. విరిగేలా ఉన్నవి నా వేళ్ళే."

అన్నదే కానీ, ఆవిడా వదల్లేదు.