రెండు ముక్కల బీరువా

మామగారి వడ్రంగి కొట్టులో పెద్దల్లుడి మాటంటే మాటే. చెక్క మీద రంపం పెట్టే ముందు అందరూ నేలమీది రంపపు పొట్టు చుట్టూ చేరేవారు. పెద్దల్లుడు పొట్టులో వేలితో బొమ్మ గీసేవాడు. మిగతావాళ్ళు తలలూపేవారు. ఆ కొట్టులో బీరువా అంటే ఏకాండిగా, ఒకే ముక్కగా ఉండాల్సిందే. మెట్ల మలుపు తిరగకపోతే తాళ్ళు కట్టి కిటికీలోంచి ఎక్కించాల్సిందే. ముందు తాడు పట్టేది పెద్దల్లుడు. "లాగండి!" అని అతను కేక వేస్తే వీధి వీధంతా పనులు మానుకుని నోరెళ్ళబెట్టి చూసేది. ఒకసారి బీరువా మధ్యలో చిక్కుకుని ఎంతకాలం వేలాడిందంటే, పావురాలు పై అరలో గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, వాటికి సంబంధాలు కూడా చూసుకున్నాయి. నమ్మకపోతే ఆ పావురాల్నే అడగండి.

అలాంటి కొట్టులోకి పెద్దల్లుడి తోడల్లుడు, మామగారి చిన్నల్లుడు, కొత్తగా పనికి దిగాడు. దిగిన వారానికే, మేడ మీది ప్లీడరుగారి బీరువా కోసం అందరూ పొట్టు చుట్టూ చేరితే, తనూ వంగి వేలు పెట్టాడు.

"అన్నయ్యా, దీన్ని రెండు ముక్కలుగా చేస్తే? కిందిది వేరు, పైది వేరు. మెట్లమీదుగా మోసుకెళ్ళి అక్కడే బోల్టులు బిగించేస్తే సరి."

అది సరైన ఆలోచనేనని పెద్దల్లుడికి వినగానే తెలిసిపోయింది. అందుకే ఒళ్ళు మండింది. తనకు తట్టనిది నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఎలా తట్టింది? తాడే అక్కర్లేకపోతే తన కేక ఎవడిక్కావాలి? అతని కడుపుమంటకి మూలనున్న జిగురు డబ్బా కుతకుత ఉడికింది. చూడనట్టే ఓ అడుగు ముందుకేసి, తోడల్లుడి బొమ్మను చెప్పుకాలితో చెరిపేశాడు.

"బోల్టులా? మనం చేసేది బీరువానా, సైకిలా?"

పనివాళ్ళు గొల్లుమన్నారు. తోడల్లుడి మొహం చిన్నబోయింది.

"ఏదో తోచి అన్నాన్లే అన్నయ్యా."

"నీకు చాలా తోస్తాయి. ఎప్పట్లాగే తాడు కట్టేద్దాం మామయ్యగారూ."

"నువ్వన్నాక ఇంకేముంది," అంటూ మామగారు టీ గ్లాసు అందుకోబోయారు. కుడిచెయ్యి సగం లేచి ఆగిపోయింది. ఎవరూ చూడలేదనుకుని ఎడమచేత్తో తీసుకున్నారు. కిందటిసారి తాడు జారినప్పుడు బరువంతా ఆ భుజం మీదే పడింది. ఆ రోజు వీధి చప్పట్ల హోరులో పెద్దల్లుడు ఆ సంగతే పట్టించుకోలేదు.

ఇప్పుడు మాత్రం పెద్దల్లుడి చూపు ఆ చేతి మీదే ఆగింది.

"వద్దులెండి," అన్నాడు, ఎవరో మెడ పట్టి చెప్పిస్తున్నట్టు. "వీడు చెప్పినట్టే చేద్దాం. ఏమోయ్, మళ్ళీ గియ్యి."

బీరువా రెండు ముక్కలై మెట్లెక్కింది. వీధిలో ఒక్క తలకాయ ఇటు తిరగలేదు. మామగారు తోడల్లుడి వీపు తట్టి "భేష్" అన్నారు. పెద్దల్లుడు ఒక్కో బోల్టునీ ఎవరి పీకో నులుముతున్నట్టు బిగించాడు.

"ఇదిగో," అన్నాడు చివరికి, తల తిప్పకుండా. "ఇకమీదట ఏదన్నా తోస్తే, మామయ్యగారి ముందు కక్కెయ్యకు. ముందుగా నాకు చెప్పు."

"ఎందుకన్నయ్యా?"

"కాసేపు కుళ్ళుకోవడానికి టైం కావాలి. ఆ తర్వాత వింటాను."