కదిలే పన్ను, మోగే ఫోను

లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం దొరికిన దగ్గర్నుంచీ అతను అక్కాబావల ఇంట్లోనే ఉంటున్నాడు. మనిషి ఇంట్లోనే ఉన్నా మనసు మాత్రం ఫోనులో కాపురం పెట్టింది. డ్రాయింగులు గీసే విభాగంలో అందరికన్నా చిన్నవాడు. అక్కడి మేడమ్ ఏ వేళ మెసేజ్ పంపినా వెంటనే జవాబివ్వకపోతే ఉద్యోగం ఊడుతుందని హడలిపోయేవాడు. తింటూ ఫోను చూసేవాడు, పళ్ళు తోముకుంటూ చూసేవాడు.

మేనకోడల్ని ఇంట్లో అందరూ చిట్టెలుక అంటారు. ఒక ఆదివారం ఉదయం అది వచ్చి అతని మోకాలి మీద గడ్డం ఆనించింది.

"మామయ్యా, నా పన్ను కదుల్తోంది."

"ఊఁ."

"మామయ్యా, నాకు తోకొచ్చింది."

"మంచిదమ్మా. జాగ్రత్తగా పెట్టుకో."

వంటింట్లో అక్క పకపకా నవ్వింది. బావ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చిట్టెలుక మాత్రం మూతి ముడుచుకుని వెళ్ళి సోఫా వెనక దూరింది.

తను ఏమన్నాడో అప్పుడు తలకెక్కి అతని మొహం చిన్నబోయింది. మోకాళ్ళ మీద పాకుతూ సోఫా వెనక్కి వెళ్ళాడు.

"ఏదీ, పన్ను చూపించు."

"పో. నువ్వు నా మాట వినవు. నీకు ఫోనే మేనకోడలు."

"ఈసారి వింటా. ఒట్టు."

కాసేపు బెట్టు చేసి, చివరికి నోరు తెరిచింది. "నువ్వే తియ్యి. అమ్మయితే గట్టిగా లాగేస్తుంది."

కిటికీ పక్కన వెలుతురులో కూర్చోబెట్టి పన్ను పట్టుకున్నాడో లేదో, బల్ల మీద ఫోను మోగింది. తెర మీద మేడమ్ పేరు. అతను తల అటు తిప్పాడు. చిట్టెలుక నోరు తెరుచుకునే అతనివంక చూసింది, వెళ్ళిపోతావా అన్నట్టు.

"బావా, ఆ ఫోను నోరు కాస్త నొక్కు," అన్నాడు.

బావ నమ్మలేనట్టు చూసి, ఫోను మోగకుండా చేశాడు.

"ఊపిరి బిగబట్టకు తల్లీ, మెల్లిగా వదులు," అంటూ తనూ వదిలాడు. ఎన్నాళ్ళుగానో గుండెలో బిగుసుకున్నదేదో దానితోపాటే సడలింది. వేలి కొసన కదులుతున్న ఆ పాలపన్ను, అరచేతికి తగులుతున్న వెచ్చటి బుగ్గ తప్ప ఆ కాసేపు అతనికి మరో లోకం లేదు. చిన్నగా తిప్పాడు. పన్ను చేతిలోకి వచ్చేసింది.

"అయిపోయిందా? నాకు తెలీనే లేదు!" చిట్టెలుక ఇల్లంతా గంతులేసింది.

తర్వాత అతను బితుకుబితుకుమంటూ ఫోను చేశాడు. "సారీ మేడమ్, మా మేనకోడలి పన్ను తీస్తున్నానండి."

అవతల ఆవిడ నవ్వేసింది. "మా అబ్బాయికి చెయ్యబోయి నీకు చేశానయ్యా. ఆదివారం నీతో నాకేం పని?"

"మరి రాత్రిళ్ళు మెసేజ్‌లు పెడతారు కదండీ?"

"మర్చిపోతానేమోనని అప్పుడే పంపేస్తాను. మర్నాడు ఆఫీసుకొచ్చి చూస్తే చాలు. నువ్వు వెంటనే బదులిస్తుంటే, పాపం ఈ అబ్బాయికి నిద్ర పట్టదు కాబోలు అనుకున్నాను. ముందే అడగొద్దూ?"

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోను పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలాడు. చిట్టెలుక ఒళ్ళోకెక్కి బడి కబుర్లు మొదలుపెట్టింది. ఎవరు ఎవర్ని గిల్లారు, టీచరు ఎవర్ని కోప్పడింది అన్నీ విన్నాడు. పైగా మధ్యమధ్య ప్రశ్నలు కూడా వేశాడు.

"ఇంక చాల్లే మామయ్యా, నా నోరు నొప్పెడుతోంది," అని చివరికి అదే దిగిపోయింది.