కత్తితో నరికిన మడి

మామిడిచెట్టు కింద ఏమీ లేదు. డెల్మా నేల లోపలి పొరలు చూపే రాడార్ బండిని ఇంకోసారి అడ్డంగా, నిలువుగా తోసి చూసింది. తెరమీద చెట్టు వేళ్ళు కనబడ్డాయి. వాటి కింద బంకమట్టి పొరలు తిన్నగా సాగిపోయాయి. మనిషిని పూడ్చిన చోటైతే ఆ పొరలు తెగి ఉండాలి. ఎక్కడా తెగలేదు.

ఆమోస్ బాబాయ్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. దూరపు సముద్ర దీవుల నుంచి ఓడల్లో తెచ్చి ఈ మకాయ్ ఊరి చెరకు తోటల్లో దింపిన కూలీలలో ఆయన నాయనమ్మ ఒకతె. ఆమెనీ, ఆమెతో వచ్చినవాళ్ళనీ ఈ చెట్టు కిందే పూడ్చారని ఇంట్లో మాట. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఏటా వచ్చి ఇక్కడ పూలు పెడుతున్నాడు.

"ఏమంటోందే నీ బండి?"

"ఇక్కడ ఎవరూ లేరు బాబాయ్."

"దాని కళ్ళు సరిగా ఉన్నాయా? పూడ్చినప్పుడు మా నాన్న పక్కనే ఉన్నాడు."

"తాతకి అప్పటికి నాలుగేళ్ళు. ఈ నేలని ఎవరూ తవ్వలేదు. అంతవరకే నేను చెప్పగలను."

"బాగుందమ్మా! చదువుకు పంపితే ఉన్న నాయనమ్మని కూడా లేకుండా చేసి వచ్చావు. మరి ఇన్నేళ్ళూ నేను ఎవరితో మాట్లాడినట్టు?"

ఆవిడ డెల్మాకూ ముత్తవ్వే. పట్నం విశ్వవిద్యాలయంలో ఈ విద్య నేర్చుకున్నదే ఆవిడ కోసం. వట్టి చేతులతో తిరిగిపోవడానికి మనసొప్పక, చెరకు మడి అంచున ట్రాక్టరు తిరిగే బాటమీదికి బండిని మళ్ళించింది.

అక్కడ పొరలు తెగాయి.

కొంచెం వదిలి మళ్ళీ తెగాయి. ఆ తర్వాత మళ్ళీ. బాటకింద తగులుతున్నవి గుంతల కొసలు మాత్రమే. మిగతాదంతా తలకు మించి పెరిగిన చెరకు కిందికి పోయింది. డెల్మా బండి ఆపి నేలమీద చెయ్యి ఆనించింది.

కబురు అందుకుని తోట యజమాని సాల్వు వచ్చాడు. మాల్టా నుంచి వచ్చిన రైతు కుటుంబం వాళ్ళది. ఈ నేల అతని తండ్రి కొన్నాడు. తెరకేసి చూసి, మొహం తుడుచుకున్నాడు.

"సోమవారం కోత యంత్రం వస్తోంది. మడి ఖాళీ అయ్యాక మీ ఇష్టం, ఎంతైనా వెతుక్కోండి."

"ఏనుగంత యంత్రాన్ని మావాళ్ళ గుండెల మీద నడిపిస్తావా?" అన్నాడు ఆమోస్.

"ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది పెద్దాయనా. మాకేం తెలుసు?"

"నిన్నటిదాకా తెలీదు. ఇవాళ తెలిసింది కదా!"

సాల్వు తల దించుకున్నాడు. "చేత్తో నరికేవాళ్ళు ఇప్పుడెక్కడ దొరుకుతారు?"

ఆమోస్ చెరకుకేసి చూశాడు. ఆయన తండ్రి బతుకంతా చెరకు నరికి, నడుం వంగిపోయి, తన పిల్లలెవరూ ఆ కత్తి పట్టకూడదని ఒట్టు పెట్టించుకున్నాడు. అందుకే ఆమోస్ రైల్వేలో చేరాడు. వాళ్ళ వంశంలో మళ్ళీ ఎవరూ చెరకు మడిలో దిగలేదు.

"మేమే నరుకుతాం," అన్నాడు ఆమోస్.

శనివారం పొద్దున్నే చుట్టాలంతా దిగారు. బడిపంతులు, నర్సు, లారీ డ్రైవరు. ఒక్కరికీ నరకడం రాదు. సాల్వు తన తండ్రి వాడిన కత్తులు అటకమీంచి దించి, నూరి తెచ్చాడు.

"మొదలు దగ్గర వెయ్యండి. పైన నరికితే తీపంతా నేలపాలే," అని వంగి చూపించాడు.

"చూశావుటే డెల్మా?" అన్నాడు ఆమోస్ రొప్పుతూ. "అంబ్రిమ్ దీవి వాళ్ళ మనవడికి మాల్టావాడు చెరకు నరకడం నేర్పుతున్నాడు. మా తాత చూస్తే పడి పడి నవ్వేవాడు."

"నవ్వనీ బాబాయ్. నువ్వు కాలు నరుక్కోకు."

మధ్యాహ్నానికి నవ్వులు ఆగిపోయాయి. ఆకుల అంచులు కోసుకుని చేతులు మండాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. తాను పుస్తకాల్లో చదువుకున్న కష్టం ఇంత బరువుంటుందని డెల్మా ఎన్నడూ అనుకోలేదు. సాల్వు కూడా ఇంటికి వెళ్ళలేదు, వాళ్ళ పక్కనే నరుకుతూ ఉండిపోయాడు.

ఆదివారం మోళ్ళ మధ్య నుంచి బండి నడిచింది. గుంతలు తూర్పు పడమరలుగా, పక్కపక్కన వరసగా తేలాయి. డెల్మా ఒక్కోదాని తలవైపు చిన్న తెల్లజెండా గుచ్చుకుంటూ పోయింది. చివర్న కొన్ని మూరెడు, రెండు మూరలకు మించి లేవు. అక్కడ ఆమె జెండా గుచ్చకుండా ఆగింది. నర్సుగా పనిచేసే అక్క వచ్చి జెండాలు అందుకుంది.

"ఇందులో మా నాయనమ్మ ఎవరే?" అని అడిగాడు ఆమోస్.

"అది తెలీదు బాబాయ్. తవ్విన చోటు మాత్రమే దీనికి కనబడుతుంది. ఎవరన్నది చెప్పలేదు. తవ్వి చూడాలంటే..."

"వద్దు! ఇప్పటిదాకా తొక్కించుకున్నది చాలు."

చెప్పులు విడిచి, మోళ్ళు గుచ్చుకుంటున్నా లెక్కచెయ్యక, ఆయన వరస పొడుగునా నడిచాడు. ప్రతి జెండా దగ్గరా వంగి, "అమ్మా, నేను ఆమోస్‌ని," అని తన పేరు చెప్పుకున్నాడు. పిల్లల గుంతల దగ్గర మాత్రం కూర్చుని చెప్పుకున్నాడు.

ఆ మేరకు మోళ్ళ నుంచి మళ్ళీ మొలిచే కార్శి పంట పెంచనని, కంచె వేయిస్తానని సాల్వు మాటిచ్చాడు. మరుసటి ఆదివారం పాస్టరు వచ్చి, కొత్త కంచె లోపల ప్రార్థన చేశాడు. ఒక్కో ఇంటివాళ్ళూ ముందుకొచ్చి, తమ ఇళ్ళల్లో నిలిచిన పేర్లు పైకి చదివారు. చదవడం ముగిసేసరికి డెల్మా జెండాలకేసి చూసింది. పేర్లు ఎక్కువ, జెండాలు తక్కువ. ఆమోస్ కూడా అదే చూస్తున్నాడు.

సాల్వు వాళ్ళ చూపు పోయిన వైపే చూశాడు. కంచె అవతలి పక్క మడిలో, యంత్రం ఇంకా దిగని చెరకు గాలికి ఊగుతోంది.

"అందులోకి కూడా యంత్రం దిగదు," అన్నాడు. "కత్తులు మళ్ళీ నూరి పెడతాను."